మళ్లీ నింపే లోపు: తుపాకి, ఫిరంగి, వాటి చుట్టూ మారిన యుద్ధం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆయుధాల గురించి మాట్లాడుతున్నారంటే వినేవాళ్లు సాధారణంగా రెండు లెక్కల కోసం చూస్తారు. ఎంత దూరం కొడుతుంది, తగిలితే ఎంత నష్టం చేస్తుంది. ఈ రెండూ నేను కాసేపు పక్కన పెడతాను. మూడో లెక్క ఒకటుంది. ఒకసారి పేల్చాక మళ్లీ పేల్చడానికి ఎంతసేపు పడుతుంది? సుమారు నాలుగు వందల ఏళ్ల పాటు సైన్యం ఎన్ని వరుసల్లో నిలబడాలి, ఏ రంగు బట్టలు కట్టాలి, సిపాయి నిలబడాలా పడుకోవాలా, అధికారి ఎక్కడ ఉండాలి అన్నవన్నీ ఎక్కువగా ఈ లెక్కే తేల్చింది.

మనకు తెలిసిన యుద్ధంతోనే మొదలుపెడదాం. 1520 మే నెల, రాయచూరు. ఒకవైపు కృష్ణదేవరాయలు, ఇంకోవైపు బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షా. కృష్ణ దాటి వచ్చిన ఆదిల్‌షా దగ్గర ఫిరంగిబలం చాలా ఎక్కువ. ఆ యుద్ధాన్ని వివరంగా రాసిపెట్టింది నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చించాడని ఆయన రాశాడు. రాయల ముందు వరుస చెదిరింది, జనం వెనక్కి పరుగెత్తారు. అక్కడితో అయిపోవాల్సిన యుద్ధం అది. కానీ అన్నీ ఒకేసారి పేలాయంటే అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయని కూడా అర్థం. రాయలు రెండో బలగాన్ని తీసుకుని తానే ముందుకు వచ్చాడు. ఆ ఫిరంగులు మళ్లీ నోరు విప్పేలోగా గుర్రాలు మీద పడ్డాయి. ఆదిల్‌షా సైన్యం నదిదాకా తరిమివేతకు గురైంది.

ఫిరంగి నింపడానికి అంత సేపు ఎందుకు? పేల్చిన వెంటనే గొట్టం లోపల నిప్పురవ్వలు మిగులుతాయి. కర్రకు కట్టిన తడిగుడ్డో గొర్రెతోలో దూర్చి వాటిని ఆర్పాలి. అది సరిగా చేయకుండా కొత్త మందు వేస్తే, కూరుతున్నవాడి చేతిలోనే పేలుతుంది. ఈ ప్రమాదంలో పోయిన చేతులకు లెక్కలేదు. ఆరాక పొడవాటి గరిటెతో మందు లోపలి చివరిదాకా తీసుకెళ్లి కుమ్మరించాలి, గుడ్డపేలికో గడ్డో కూరాలి, గుండు దొర్లించాలి, మళ్లీ కూరాలి. వెనక చిల్లులో రంజకం, అంటే నిప్పందించే మందు, పోయాలి. ఈలోగా పేలిన ఊపుకు ఫిరంగి నాలుగైదు అడుగులు వెనక్కి తన్నుకుపోయి ఉంటుంది. దాన్ని మనుషులు తోసి మళ్లీ అదే చోటికి తెచ్చి, గురి మొదటి నుంచి చూసుకోవాలి. ఇదంతా చిన్న ఫిరంగి సంగతి. పెద్దవాటికి గొట్టం చల్లారడానికే గంటలు పట్టేది. బాబరు దగ్గర ఉస్తాద్ అలీకులీ అని పేరున్న ఫిరంగి నిపుణుడు ఉండేవాడు. 1528లో కనౌజ్ దగ్గర గంగ మీద వంతెన కడుతున్నప్పుడు ఆయన ఒక పెద్ద ఫిరంగితో మొదటిరోజు ఎనిమిది గుండ్లు పేల్చాడని, తర్వాత రోజుకు పదహారు పేల్చాడని బాబరు మెచ్చుకుంటూ రాసుకున్నాడు. ఎనిమిది గుండ్లు, ఒక రోజుకి!

ఈ జాగు బాబరుకు బాగా తెలుసు. రెండేళ్ల ముందు, 1526 పానిపట్టు యుద్ధంలో ఆయన ఏం చేశాడో చూడండి. సుమారు 700 బండ్లు తెప్పించి, పచ్చితోలు తాళ్లతో ఒకదానికొకటి కట్టించాడు. రెండు బండ్ల మధ్య అడ్డు తడకలు పెట్టించాడు. వాటి వెనక తుపాకివాళ్లు నిలబడ్డారు. అక్కడక్కడా వంద, రెండు వందల గుర్రాలు బయటికి దూకేందుకు సందులు వదిలాడు. ఆ బండ్ల గోడ పని శత్రువును చంపడం కాదు, మళ్లీ నింపుకునేదాకా వాణ్ని ఆపడం. పానిపట్టులో ఫిరంగి గెలిచిందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. నన్నడిగితే అక్కడ గెలుపులో సగం వాటా ఆ బండ్లదే.

ఇక మందు గురించి రెండు మాటలు. తుపాకుల్లో, ఫిరంగుల్లో వాడిన నల్లమందులో మూడే సరుకులు. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఇది బ్రిటిష్ సైన్యం చివరికి ఖాయం చేసుకున్న పాళ్లు. మొదట్లో ఈ మూడూ విడిగా నూరి పొడిగా కలిపేవారు. ఆ పొడితో రెండు తంటాలు. బండిలో కుదుపులకు బరువైనదీ తేలికైనదీ విడిపోతాయి. పీపా పైన బొగ్గెక్కువ, అడుగున సురేకారం ఎక్కువ. రెండోది, మెత్తటి పొడిని గట్టిగా కూరితే మధ్యలో గాలి ఆడదు, మంట ముందుకు పాకదు. పొయ్యిలో కట్టెలు కిక్కిరిసి పెడితే అంటుకోనట్టే. తర్వాత తడిపి ముద్దచేసి, జల్లెడలో రుద్ది గింజలుగా ఆరబెట్టడం నేర్చుకున్నారు. గింజకూ గింజకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి మంట ఒక్కసారిగా మొత్తం పాకుతుంది. తుపాకికి చిన్న గింజ, ఫిరంగికి పెద్ద గింజ. అయితే గింజకట్టినా తీరని జబ్బొకటి ఉంది. ఈ మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా గట్టి మసిగా, పొగగా మిగిలిపోతుంది. ఆ మసి గొట్టం గోడకు పడుతుంది. పదిహేను, ఇరవైసార్లు పేల్చేసరికి గుండు లోపలికి దిగనని మొండికేస్తుంది.

చేతి తుపాకుల్లో మొదట వచ్చింది వత్తి తుపాకి. సురేకారంలో నానబెట్టిన తాడు నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ నిప్పుకొస వచ్చి రంజకాన్ని తాకుతుంది. చేతిలో కాలుతున్న తాడు, నడుముకు మందు సంచి. రెండూ ఒకే మనిషి దగ్గర! అందుకే ప్రతి కదలికా నేర్పాల్సి వచ్చింది. 1607లో డచ్చివాళ్లు అచ్చువేసిన కవాతు బొమ్మల్లో ఈ తుపాకి ఎత్తడం, నింపడం, పేల్చడం నలభైకి పైగా భంగిమలుగా ఉంటుంది. వాన పడితే వత్తి ఆరిపోతుంది. రాత్రివేళ ఆ నిప్పుకొసలే సైన్యం ఎక్కడుందో శత్రువుకు చెప్పేస్తాయి.

ఎంత నేర్పు ఉన్నా ఒకసారి నింపడానికి నిమిషం దాకా పట్టేది. ఇక్కడ ఒక మంచి ఆలోచన వచ్చింది. 1594 డిసెంబరులో నస్సౌ వంశానికి చెందిన విలియం లూయీ తన బంధువు, డచ్చి సేనాని మారిస్‌కు ఒక ఉత్తరం రాశాడు, బొమ్మ కూడా గీసి పంపాడు. ముందు వరుస పేల్చి, సందుల్లోంచి వెనక్కి నడిచి చివర నిలబడి నింపుకోవాలి. రెండో వరుస ఇప్పుడు ముందుకొచ్చింది, అది పేలుస్తుంది. ఇలా చక్రంలా తిరగాలి. పది వరుసలు ఉండి, నింపడానికి నిమిషం పడితే, ప్రతి ఆరు సెకన్లకూ ఒక వరుస పేలుతుంది. అంటే సైన్యం ఎంత లోతుగా నిలబడాలో నింపే వేళే నిర్ణయించింది. ఇందులో తేలికేమీ లేదు. ఎదురుగా గుర్రాలు వస్తుంటే వాటికి వీపు చూపించి, పరుగెత్తకుండా నడిచి వెనక్కి పోవాలి. దాని కోసం నెలల తరబడి కవాతు కావాలి. కవాతు కావాలంటే పంట కోతలకు ఇంటికి పోయే బంటులు పనికిరారు. ఏడాది పొడుగునా జీతం తీసుకునే సిపాయి కావాలి, అతనికి జీతమివ్వడానికి పన్నులు వసూలుచేసే యంత్రాంగం కావాలి. ఐరోపాలో నిలువు సైన్యాలు రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఇదొకటి, తీసిపారేసేది కాదు.

తర్వాతిది చెకుముకి తుపాకి. 18వ శతాబ్దమంతా దానిదే. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసింది, కాకినాడ నుంచి కర్ణాటకం దాకా తిరిగింది ఈ రకమే. గొట్టం లోపలి వెడల్పు 0.75 అంగుళం. గుండు 0.69 అంగుళం. ఎందుకు చిన్నది చేశారంటే, మసి పట్టినా గుండు జారాలి, త్వరగా జారాలి. దానికి కట్టిన వెల ఏమిటంటే గుండు గొట్టం గోడలకు కొట్టుకుంటూ బయటికొచ్చి, చివరిసారి ఏ గోడను తాకిందో దానికి ఎదురు దిక్కుకు పోతుంది. వంద గజాలు దాటితే ఒక్క మనిషికి గురిపెట్టడం దండగ.

నింపే తీరు ఇలా ఉంటుంది. నడుముకున్న పెట్టెలోంచి కాగితపు తూటా తీస్తారు. అందులో గుండు, మందు రెండూ చుట్టి ఉంటాయి. పంటితో కొస కొరుకుతారు. సురేకారం నోట్లో పడి గొంతు ఎండిపోతుంది. యుద్ధంలో సిపాయిలు నీళ్లకోసం అల్లాడటానికి అదొక కారణం. తుపాకి పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు పోసి మూత వేస్తారు. తుపాకి నిలబెట్టి మిగతా మందు గొట్టంలో పోస్తారు. గుండు, దాని వెంట కాగితం వేస్తారు. కూరే కడ్డీ లాగి, తిప్పి, లోపల దింపి, రెండు పోట్లు పొడుస్తారు. కడ్డీ బయటికి లాగి మళ్లీ దాని ఒరలో పెడతారు. తుపాకి ఎత్తి, గుర్రం (చెకుముకి రాయి బిగించిన సుత్తి) పూర్తిగా లాగి, పేలుస్తారు. బాగా తరిఫీదైనవాడికి ఇదంతా ఇరవై సెకన్లు, అంటే నిమిషానికి మూడు.

ఎక్కడ చెడుతుంది? కంగారులో కడ్డీ బయటికి లాగకుండానే పేల్చేస్తారు. అది బాణంలా ఎగిరిపోతుంది, ఇక ఆ తుపాకి కర్రతో సమానం. మొదటిది పేలిందో లేదో ఆ మోతలో తెలియక, దాని మీద రెండోది, మూడోది కూరతారు. చెకుముకి రాయి ఇరవై, ముప్పైసార్లకు అరిగి మొద్దుబారుతుంది. గిన్నెలో మందు భగ్గుమంటుంది గాని గొట్టం చిల్లు పూడిపోయి లోపలికి నిప్పు చేరదు. చెక్క కడ్డీలైతే విరిగేవి. ప్రష్యా (తర్వాత జర్మనీకి మూలమైన రాజ్యం) సైన్యం 18వ శతాబ్దం మొదటి పాదంలోనే వాటిని తీసేసి ఇనుప కడ్డీలు ఇచ్చింది. ఇంత చిన్న మార్పే. 1741లో మోల్‌విట్జ్ దగ్గర ఆ దేశపు గుర్రపు దళం ఓడింది, రాజు ఫ్రెడెరిక్ యుద్ధరంగం వదిలి వెళ్లిపోయాడు. అయినా పదాతి దళం నిలబడి కాలుస్తూనే పోయి గెలిచింది.

ఇరవై సెకన్లు అన్న అంకె పట్టుకుని ఒక లెక్క వేద్దాం. దౌడు తీస్తున్న గుర్రం వంద గజాలు పది, పన్నెండు సెకన్లలో దాటుతుంది. అంటే తుపాకి నిజంగా తగిలే దూరంలోకి గుర్రం వచ్చాక సిపాయికి దొరికేది ఒకే ఒక్క కాల్పు. తర్వాత? పూర్వం ఈ ఖాళీని పూడ్చడానికి తుపాకివాళ్ల పక్కన పొడవాటి ఈటెలవాళ్లను నిలబెట్టేవారు. సైన్యంలో సగందాకా వాళ్లే. తుపాకి కొసకు తగిలించే కత్తి, బాయినెట్టు, రావడంతో వాళ్ల పని తీరిపోయింది. మొదటి రకం బాయినెట్టును గొట్టం నోట్లో బిరడాలా దిగ్గొట్టేవారు. దిగ్గొట్టాక ఇక పేల్చలేరు. 1689లో స్కాట్లండ్ కిల్లీక్రాంకీ దగ్గర ప్రభుత్వ సేనకు జరిగింది అదే. కాల్చి, బాయినెట్లు బిగించుకునేలోగా కొండమీది నుంచి కత్తులతో దిగినవాళ్లు మీద పడిపోయారు. తర్వాత గొట్టం చుట్టూ తొడిగే కడియం రకం వచ్చింది. నోరు ఖాళీగా ఉంటుంది, పేల్చవచ్చు. 1703కల్లా ఫ్రాన్సు ఈటెలను పూర్తిగా తీసేసింది. అలా ప్రతి సిపాయీ తుపాకిదారూ అయ్యాడు, ఈటెగాడూ అయ్యాడు. వరుసలు పది నుంచి మూడుకు తగ్గాయి, ఇంగ్లిషువాళ్లు చివరికి రెండుకు దించారు. గుర్రాలు వస్తే నలుచదరంగా కట్టి నాలుగు వైపులా బాయినెట్లు చాచేవారు.

ఎర్రకోట్లు, నీలికోట్లు చూసి మనవాళ్లు నవ్వుతుంటారు, యుద్ధానికి పెళ్లిబట్టలా అని. నాలుగైదుసార్లు ఒక్కుమ్మడిగా కాల్చేసరికి పొగలో ముప్పై అడుగుల అవతల ఎవరున్నారో తెలియదు. తనవాడెవడో తెలియడానికి ఆ రంగులు. 1758 డిసెంబరులో మన గోదావరి జిల్లా చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్‌కూ ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కూ జరిగిన యుద్ధంలో ఈ రంగులే ఫ్రెంచివాళ్లను ముంచాయి. ఫోర్డ్ తన సిపాయిలకు కూడా ఎర్రబట్టలు వేయించాడు. అతని తెల్లసైన్యం ఎత్తుగా పెరిగిన పైరు చాటున పడింది. కనబడుతున్న ఎర్రబట్టల సిపాయిలే ఇంగ్లిషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు అటు తిరిగారు, పక్కనుంచి అసలు వరుస లేచి కాల్చింది. ఉత్తర సర్కారులు చేతులు మారడానికి దారి అక్కడే పడింది.

చెకుముకి తుపాకికి వాన శత్రువు. దీనికి మంచి ఉదాహరణ మనకు దగ్గరివాళ్లదే. 1841 మే, చైనాలో కాంటన్ దగ్గర, నల్లమందు (ఇది తుపాకిమందు కాదు, మత్తుమందు ఓపియం) యుద్ధం రోజులు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. ఆ సైన్యపు 37వ పటాలానికి చెందిన ఒక దళం సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర వరిపొలాల్లో దారితప్పింది. కుండపోత వాన. చుట్టూ వేలాది ఊరిజనం ఈటెలతో, కత్తులతో. గిన్నెల్లో మందు తడిసి ఒక్క తుపాకీ పేలలేదు. సిపాయిలు నలుచదరంగా కట్టి బాయినెట్లతోనే నిలదొక్కుకున్నారు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ఇంగ్లిషు మెరైన్ల దగ్గర కొత్తరకం తుపాకులున్నాయి. ఆ వానలోనే అవి పేలాయి.

ఆ కొత్తరకంలో చెకుముకి లేదు, గిన్నె లేదు. పాదరసంతో చేసిన పేలుడు ఉప్పు చిటికెడు పూసిన చిన్న రాగి టోపీ ఉంటుంది. దానిమీద సుత్తి పడితే నిప్పు నేరుగా గొట్టంలోకి పోతుంది. బ్రిటిష్‌వాళ్లు 1834లో రెండింటినీ చెరి 6,000 సార్లు పేల్చి చూశారు. చెకుముకి తుపాకి 922 సార్లు మొరాయించింది. టోపీ తుపాకి 36 సార్లు.

ఇప్పటిదాకా దూరం మారలేదు గమనించండి. వంద గజాలే. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు కోస్తే గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుందని 16వ శతాబ్దం నుంచే వేటగాళ్లకు తెలుసు. సైన్యాలు దాన్ని ఎందుకు తీసుకోలేదు? మళ్లీ అదే లెక్క. గాడులు పట్టాలంటే గుండు బిగుతుగా ఉండాలి, బిగుతుగా ఉంటే దింపడానికి నిమిషం పైగా పడుతుంది. 1849లో ఫ్రాన్సులో మినియే అనే సైనికాధికారి చేసిన పని ఈ ముడి విప్పింది. గుండును గుండ్రంగా కాక మొనతేలిన కోలగుండుగా పోతపోసి, అడుగున గుంట పెట్టాడు. గొట్టం కంటె సన్నం కాబట్టి సులువుగా జారుతుంది. పేలినప్పుడు వాయువు ఆ గుంటలోకి దూరి సీసం అంచును విప్పారుస్తుంది, అది గాడులను పట్టుకుంటుంది. నింపేది ఎప్పటిలాగే నిమిషానికి మూడు, గురి మాత్రం మూడు, నాలుగు రెట్లు. ఇంగ్లిషువాళ్ల 1853 ఎన్‌ఫీల్డు తుపాకి ఈ జాతిదే. గొట్టంలో గుండు సాఫీగా దిగాలని దాని తూటా కాగితానికి కొవ్వు పూశారు, కొస పంటితో కొరకాలి. 1857లో ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొరకడం మాని చేత్తో చింపండని కవాతు పద్ధతి మార్చారు గాని, అప్పటికే నమ్మకం పోయింది.

అయితే మినియే రైఫిలు గురించి ఒక అతిశయోక్తి ప్రచారంలో ఉంది, 900 గజాలకు గుర్తులున్నాయి కాబట్టి అంత దూరం కొట్టిందని. దాని గుండు సెకనుకు సుమారు 280 మీటర్లే పోతుంది. 500 మీటర్ల దూరానికి పెట్టి కాలిస్తే మధ్యదారిలో నేలనుంచి నాలుగైదు మీటర్ల ఎత్తున ఎగురుతుంది. శత్రువు 500 కాక 400 మీటర్లలో ఉన్నాడా, గుండు వాడి తలమీదుగా పోతుంది. దూరం అంచనా వేయడం నేర్పని సైన్యం చేతిలో అది పాత తుపాకి కంటె పెద్ద గొప్పేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో చాలా పోరాటాలు దగ్గరి దూరాల్లోనే జరగడానికి ఇదొక కారణం.

ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటి మిగిలింది. తుపాకిని ముందునుంచే నింపాలి. ముందునుంచి నింపాలంటే నిలబడాలి. నన్నడిగితే మొత్తం కథలో పెద్ద మలుపు దూరం పెరగడం కాదు, సిపాయి పడుకోగలగడం.

1866 జూలై 3, కోనిగ్‌గ్రాట్జ్. ఆస్ట్రియాది ముందునుంచి నింపే మంచి రైఫిలు. ప్రష్యాది డ్రైజే అనే తాళాలపనివాడి కొడుకు తయారుచేసిన సూదితుపాకి. తలుపు గడియలాంటి బోల్టు వెనక్కి లాగి, తూటా పెట్టి, ముందుకు తోసి తిప్పడమే. దూరంలో, గురిలో ఆస్ట్రియా తుపాకే మేలు. కానీ ప్రష్యా సిపాయి నేలమీద బోర్లా పడుకుని నిమిషానికి ఐదారుసార్లు కాలుస్తున్నాడు. ఎదుటివాడు నిలబడి రెండు, మూడుసార్లు. పైగా ఆస్ట్రియా సేనానులు బాయినెట్టు దాడినే నమ్ముకుని గుంపులుగా పరుగెత్తించారు. ప్రష్యాకు నష్టం సుమారు 9 వేలు, ఆస్ట్రియాకు బందీలతో కలిపి 40 వేల పైచిలుకు.

సూదితుపాకికి లోపాలు లేకపోలేదు. దెబ్బకు పేలే టోపీ గుండు అడుగున ఉంటుంది, సూది మందు మధ్యనుంచి దూసుకుపోయి దాన్ని గుచ్చాలి. మందు కాలుతున్నంతసేపూ సూది ఆ మంటలోనే. అందుకే పెళుసెక్కి విరిగేది, ప్రతివాడి దగ్గరా అదనపు సూదులు ఉండేవి. బోల్టు అతుకు దగ్గర వేడి వాయువు కారి మొహాన కొట్టేది. కొందరు తుపాకిని భుజానికి ఆనించకుండా నడుం దగ్గర పట్టుకుని కాల్చేసేవారు, ఇక గురి సంగతి మీరే ఊహించుకోండి. ఫ్రెంచివాళ్లు షాస్‌పో తుపాకిలో రబ్బరు ఉంగరం వేసి ఈ కారుడు ఆపారు. 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా దగ్గర ఆ తుపాకులకు ఎదురుగా ప్రష్యా రాచదళం వాలుమీద గుంపుగా ఎక్కి గంట తిరక్కుండానే సుమారు 8 వేలమందిని పోగొట్టుకుంది. చివరికి కారుడుకు అసలు విరుగుడు ఇత్తడి తూటా. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుని వాయువును బిగిస్తుంది, వెంటనే కాస్త ముడుచుకుని సులువుగా ఊడి వస్తుంది. ఇప్పటికీ అదే.

సిపాయి పడుకున్నాడు సరే, అధికారికి అక్కడ కొత్త చిక్కు. నిలబడ్డ వరుసను కేకతో, డోలుతో నడిపించవచ్చు. పొదల్లో, గుంటల్లో చెల్లాచెదురైన వందమందిని ఎలా నడిపిస్తారు? పెత్తనం మెల్లగా కింది నాయకుల చేతికి, హవల్దారు చేతికి జారింది.

1884 నుంచి రెండేళ్లలో రెండు సంగతులు జరిగాయి. ఫ్రాన్సులో వియేయ్ పొగ రాని మందు కనిపెట్టాడు, 1886లో అది లెబెల్ రైఫిలుతో సైన్యంలోకి వచ్చింది. మాక్సిం తన్నుడు బలంతోనే మళ్లీ నింపుకునే మరతుపాకి తయారుచేశాడు. ఈ రెంటికీ సంబంధముంది. నల్లమందు మసితో ఏ మరతుపాకీ ఎక్కువసేపు నడవదు. కొత్త మందులో మసి దాదాపు లేదు, వేగం రెట్టింపు దాటింది. ఇందాక 500 మీటర్లకు నాలుగైదు మీటర్లు ఎగిరిన గుండు, 20వ శతాబ్దం మొదట వచ్చిన సూదిమొన తూటాలో మీటరుకు అటూఇటూ. అంటే తుపాకికీ గురికీ మధ్య ఎక్కడ మనిషి నిలబడ్డా తగులుతుంది. పొగ లేదు కాబట్టి కాల్చినవాడు ఎక్కడున్నాడో తెలియదు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లు (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లు) కందకాల్లోంచి కాలుస్తుంటే బ్రిటిష్ దళాలు తమను ఎవరు చంపుతున్నారో చూడకుండానే పడిపోయాయి. రంగుకోట్లకు ఇక అర్థం లేదు.

నింపే వేళ సున్నా అయింది. నిమిషానికి 500, 600 తూటాలు. కానీ చిక్కులు మాత్రం సున్నా కాలేదు, చోటు మారాయంతే. బ్రిటిష్ వికర్స్ మరతుపాకి తీసుకోండి. గొట్టం చుట్టూ తొడుగులో సుమారు నాలుగు లీటర్ల నీళ్లు. ఏకధాటిగా 600 తూటాలు కాలిస్తే ఆ నీళ్లు మరుగుతాయి. ఆవిరి పైకి లేస్తే శత్రువుకు గుర్తు, అందుకని రబ్బరు గొట్టంతో దాన్ని ఒక డబ్బాలోకి పంపి మళ్లీ నీళ్లుగా పట్టుకునేవారు. తూటాలు కుట్టిన గుడ్డపట్టీలో 250 ఉంటాయి, పట్టీ తడిస్తే బిగుసుకుని తూటా ఇరుక్కుంటుంది. పదివేల తూటాలకు గొట్టం అరిగిపోతుంది, మార్చాలి. ఒక మరతుపాకికి ఆరుగురు. కాల్చేది ఒకడు, మిగతావాళ్లు మోతగాళ్లే.

ఫిరంగిలోనూ అదే జరిగింది. 1897లో ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి వచ్చింది. గొట్టం మాత్రమే వెనక్కి జారి, నూనె, ఒత్తిడిగాలి ఉన్న గొట్టాల బలంతో మళ్లీ తన చోటికి వస్తుంది. బండి కదలదు, గురి చెదరదు. నిమిషానికి పదిహేను గుండ్లు. ఉస్తాద్ అలీకులీకి దాదాపు ఒక రోజు పని!

ఇలాంటి ఆయుధాలు రెండు పక్కలా ఉన్నప్పుడు ఏమవుతుందో 1914లో తెలిసింది. అందరూ నేలలోకి దిగారు. 1916 జూలై 1న ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర బ్రిటిష్‌వాళ్లు ఏడు రోజుల పాటు పదిహేను లక్షలకు పైగా గుండ్లు కురిపించి ముందుకు నడిచారు. ఆ ఒక్కరోజు 57,470 మంది గాయపడ్డారో చనిపోయారో గల్లంతయ్యారో, చనిపోయినవాళ్లు 19,240. ఎందుకు? గుండ్లలో పేలనివి చాలా ఉన్నాయి. ముళ్లతీగ తెంచడానికి వాడినవాటిలో ఎక్కువ భాగం సీసపుగోలీలు చిమ్మే ష్రాప్నెల్ గుండ్లు, సరైన ఎత్తులో పేలితేనే తీగ తెగుతుంది. జర్మన్ల గుహలు చాలాచోట్ల ముప్పై అడుగుల లోతున ఉన్నాయి. ఫిరంగులు ఆగిన క్షణం నుంచి పరుగుపందెం. జర్మన్లు మెట్లెక్కి మరతుపాకి నిలబెట్టడం ముందా, బ్రిటిష్‌వాళ్లు తీగ దాటడం ముందా? ఆ పందెం రెండు, మూడు నిమిషాలది.

దీనికి విరుగుడు చాలామంది అనుకునేట్టు ట్యాంకు ఒక్కటే కాదు. ఫిరంగి గుండ్ల తెరను సిపాయిల ముందే నడిపించారు, వంద గజాలకు మూడు, నాలుగు నిమిషాల చొప్పున, గడియారాలు కలుపుకుని. సిపాయి ఆ తెరకు ఎంత దగ్గరగా నడిస్తే అంత క్షేమం, తన గుండే తగిలి కొందరు పోయినా సరే. ఇంకోటి, ముందుగా పరీక్ష గుండ్లు వేయకుండా మొదటి గుండే లక్ష్యంమీద పడేట్టు చేయడం. ప్రతి ఫిరంగి గొట్టం ఎంత అరిగిందో కొలవాలి, మందు వేడి, గాలి వేగం, గాలి బరువు లెక్కలోకి తీసుకోవాలి. 1917 నవంబరు 20న కాంబ్రే దగ్గర ట్యాంకులు విజయం తెచ్చాయంటారు. నిజమే, కానీ హెచ్చరిక లేకుండా తెల్లవారుజామున ఒకేసారి నోరు విప్పిన ఫిరంగులు లేకపోతే అవి అంత దూరం పోయేవి కావు.

నేటి సంగతి ఒక్క మాట. ఇప్పుడు లెక్క తిరగబడింది. పేల్చిన గుండు దారిని రాడారు పట్టి అది ఎక్కడనుంచి వచ్చిందో చెప్పేస్తుంది, కాబట్టి మళ్లీ నింపడానికి ఎంతసేపు అన్నదానితో పాటు అక్కడినుంచి కదలడానికి ఎంతసేపు అన్నది కూడా ప్రాణాంతకమైంది. మన సైన్యం వాడుతున్న కె9 వజ్ర అనే కదిలే ఫిరంగి మొదటి పదిహేను సెకన్లలో మూడు గుండ్లు వేయగలదు, ట్యాంకులాగా తన ఉక్కుపట్టాలమీద తనే కదిలిపోతుంది. పైన డ్రోన్లు తిరుగుతున్నప్పుడు అది కూడా చాలడం లేదని ఉక్రెయిన్‌లో చూస్తున్నాం.

ఇప్పుడు ప్రశ్నలు.

(సభలోంచి ఒకరు: టిప్పు సుల్తాను రాకెట్ల ఊసే ఎత్తలేదు. అవి అంత గొప్పవైతే ఎందుకు నిలవలేదు?)

మంచి ప్రశ్న అండి, అది నా లెక్కలోనే ఉంది. రాకెట్టుకు గొట్టం లేదు, కూరడం లేదు, వెనక్కి తన్నడం లేదు. వత్తి అంటించి వదలడమే, పక్కనున్నది తీసి మళ్లీ అంటించడమే. నింపే వేళను పూర్తిగా తప్పించుకున్న ఆయుధం అది. మైసూరువాళ్ల గొప్ప ఏమిటంటే కాగితం, వెదురు గొట్టాలకు బదులు ఇనుప గొట్టం వాడారు. ఇనుము ఎక్కువ ఒత్తిడి ఆపుతుంది, కాబట్టి మందు గట్టిగా దట్టించవచ్చు, దూరం పోతుంది. తోకకు పొడవాటి వెదురు కర్ర. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లిషు సేనాని బైలీ సేనను హైదరూ టిప్పూ తుడిచిపెట్టినప్పుడు ఇంగ్లిషువాళ్ల మందుబండ్లు పేలిపోవడం పెద్ద దెబ్బ. రాకెట్టు వల్లనని కొందరు, ఫిరంగిగుండు వల్లనని కొందరు రాశారు. శ్రీరంగపట్నం పడ్డాక అవి ఇంగ్లండుకు చేరాయి, కాంగ్రీవ్ అనే ఇంగ్లిషువాడు వాటిని చూసే తన రాకెట్లు చేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర పాడుబడ్డ బావిలో అలాంటివి వెయ్యికి పైగా దొరికాయి.

నిలవకపోవడానికి కారణం గురి. మందు కాలుతున్నకొద్దీ బరువు మారుతుంది, కర్ర ఒక పక్కకు లాగుతుంది, గాలి వీస్తే ముక్కు గాలివైపే తిరుగుతుంది. గుర్రాలను బెదరగొట్టడానికి, ఊళ్లు తగలబెట్టడానికి అది చాలు. ఒక ఫిరంగిని గురిచూసి కొట్టడానికి చాలదు. 1844లో హేల్ కర్ర తీసేసి, వాయువు పక్కకు చిమ్మేట్టు చేసి రాకెట్టును తిప్పాడు. కొంత మెరుగైంది. కానీ మరో ఇరవై ఏళ్లకు గాడులు కోసిన, వెనకనుంచి నింపే ఉక్కు ఫిరంగులు క్రుప్ కర్మాగారంలోంచి వచ్చేశాయి. త్వరగా నింపుకోగలిగి, గురి కూడా ఉన్న ఫిరంగి ఎదురుగా ఉంటే రాకెట్టు కొనేవాడెవడు?

ఇంకెవరైనా?